చవక బడ్జెట్ శృంగార దయ్యం సినిమాలు: పదిలో తొమ్మిది చెత్తే, అయినా పదోదాని కోసం ఎందుకు చూస్తున్నాం?

రాత్రిషో:

చాలా రోజులుగా అడగాలనుకుంటూ ఎవరేమనుకుంటారోనని ఆగిపోయాను. ఇక్కడ ఎలాగూ నా మొహం ఎవరికీ తెలీదు కాబట్టి అడిగేస్తున్నా. తక్కువ ఖర్చుతో తీసే శృంగార హారర్ సినిమాలంటే నాకో బలహీనత. ఏ రకమో మీకు అర్థమయ్యే ఉంటుంది. పాడుబడ్డ బంగళా, అందులో ఒక అందగత్తె, ఆమె మనిషి కాదన్న సంగతి హీరోకి తప్ప చూసేవాళ్లందరికీ మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత ముద్దులు, మెడ మీద పళ్లు, ఎక్కడి నుంచి వస్తుందో తెలీని పొగ. అన్ని దేశాలవీ కలిపి ఓ నూట యాభై చూసుంటాను. మళ్లీ చూడాలనిపించినవి పది కూడా లేవు. అయినా మానలేకపోతున్నా.

మొన్న ఒకటి చూశా. పేరు చెప్పను, చెప్పినా ఎవరూ విని ఉండరు. అందులో ఒక సీన్ ఉంది. ఆమె అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటూ ఉంటుంది. కెమెరా ఆమె వెనకాల, కదలకుండా ఉంటుంది. సంగీతం లేదు, దువ్వెన జుట్టులోంచి జారే చప్పుడొక్కటే. వీపు మీద దీపం వెలుగు పడుతోంది, చీర పైట జారిపోతుందేమోనని మన కళ్లు అక్కడే ఉంటాయి (అబద్ధం ఎందుకు, నా కళ్లు అక్కడే ఉన్నాయి). ఆమె దువ్వెన కింద పెట్టేస్తుంది. అద్దంలో ఉన్నామె మాత్రం దువ్వుకుంటూనే ఉంటుంది. అంతే. ఒక అరుపు లేదు, ఢామ్మని శబ్దం లేదు. ఒళ్లు జలదరించింది. అర్ధరాత్రి లేచి హాల్లో లైటు వేసుకుని కూర్చున్నా.

సరే, ఇంత బాగా తీసినవాడు తర్వాత ఏం చేశాడు? వెంటనే ఐదు నిమిషాల స్నానం సీన్. ఒకటే ట్యూను, ఒకటే మూడు షాట్లు తిప్పి తిప్పి. అది అయ్యేసరికి ఆమె దయ్యమన్న సంగతే మర్చిపోయా. క్లైమాక్సులో రబ్బరు చెయ్యి ఒకటి వచ్చి హీరో గొంతు పట్టుకుంటుంది, మణికట్టు దగ్గర అతుకు స్పష్టంగా కనిపిస్తోంది. నవ్వొచ్చేసింది.

నా ప్రశ్న ఏంటంటే, ఇవి ఇలా తగలడటానికి డబ్బు లేకపోవడమే కారణమా? డబ్బు లేకపోతే ఆ దువ్వెన సీన్ ఎలా వచ్చింది మరి? లేక కోరికా భయమూ ఒకే సినిమాలో ఇమడవా? సీరియస్‌గానే అడుగుతున్నా, "ఛీ ఇలాంటివి చూస్తావా" అనేవాళ్లు దయచేసి పక్కకి వెళ్లండి.


కత్తెర:

సిగ్గుపడాల్సిందేం లేదు బ్రో. నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తా, ఇలాంటి సినిమా ఒకటి నా చేతుల మీదుగా వెళ్లింది కూడా. కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ఇమడవా అని అడిగావు. ఇమడకపోవడం ఏంటి, ఆ రెండూ నడిచేది ఒకే ఇంధనం మీద. ఆగడం. తలుపు తెరుచుకోబోతోంది, ఇంకా తెరుచుకోలేదు, అదీ భయం. చెయ్యి చేతికి తగలబోతోంది, ఇంకా తగల్లేదు, అదీ కోరిక. రెంటిలోనూ గుండె కొట్టుకునేది అందేలోపే, అందాక కాదు. నీ దువ్వెన సీన్‌లో జరిగింది అదే. నువ్వు ఒకదాని కోసం చూస్తున్నావు, అదే చూపులోకి ఇంకోటి వచ్చి చేరింది. డైరెక్టర్ నీ కళ్లని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి, నువ్వు చూడని చోట దెబ్బ కొట్టాడు. మామూలు హారర్‌లో ఇది కష్టం, ఎందుకంటే ప్రేక్షకుడు మొదట్నుంచీ మూలమూలా అనుమానంగా వెతుకుతూ ఉంటాడు. ఇక్కడ అతనికి వేరే పని ఉంది.

తర్వాత వచ్చిన స్నానం సీన్ సంగతి. అది ఆ డైరెక్టర్ తీసింది కాకపోవచ్చు. నా అనుభవం చెప్తా. మేము కట్ చేసింది డెబ్భై ఎనిమిది నిమిషాలు వచ్చింది. కొనేవాడు చూసి, దయ్యం బాగానే ఉంది కానీ "సరుకు" తక్కువైంది, ఇంకో ఆరు నిమిషాలు కావాలన్నాడు. హీరోయిన్ అప్పటికే వేరే షూటింగ్‌కి వెళ్లిపోయింది. వేరే అమ్మాయిని పెట్టి, మొహం కనపడకుండా, ఒక గదిలో ఒక రోజులో తీసుకొచ్చి నా ముందు పడేశారు. లైటింగ్ కలవదు, జుట్టు పొడవు కలవదు. ఎక్కడ పెట్టాలని అడిగితే "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ" అన్నారు. సినిమాలో ఖాళీ ఎక్కడుంటుంది చెప్పు? నేను ఊపిరి పీల్చుకోవడానికి వదిలిన చోట్లన్నీ వాళ్లకి ఖాళీగా కనిపించాయి. ఒక గుమ్మం మీద పన్నెండు సెకన్లు పట్టి ఉంచా, ఎవరో వస్తారని. అక్కడే దూర్చారు. ఆ గుమ్మం చచ్చిపోయింది.

ఒకే మూడు షాట్లు తిరుగుతున్నాయన్నావు చూడు, అది దీని గుర్తే. ఉన్నది రెండు నిమిషాల సరుకు, నింపాల్సింది ఐదు నిమిషాలు. వేగం తగ్గిస్తారు, డిసాల్వులు (ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలోకి కరిగిపోవడం) వేస్తారు, ట్యూను లూప్ చేస్తారు.

దువ్వెన సీన్‌కి ఎంతయ్యుంటుందో తెలుసా? దాదాపు ఏమీ కాదు. అక్కడ అద్దం లేదు. ఖాళీ ఫ్రేమ్ పెట్టి, అవతలి వైపు అలాంటిదే ఇంకో గది కట్టి, అదే చీర కట్టుకున్న ఇంకో అమ్మాయిని ఎదురుగా కూర్చోబెడతారు. చాలా పాత ట్రిక్కు. కెమెరా అద్దానికి ఎదురుగా ఉన్నా అద్దంలో కెమెరా కనపడట్లేదంటే అక్కడే అనుమానించాలి. రెండు కుర్చీలు, ఒక చెక్క ఫ్రేమ్, ఒక పూట రిహార్సల్. రబ్బరు చేతికి దీనికంటే ఎక్కువే అయ్యుంటుంది.


పాతక్యాసెట్:

కత్తెర గారు చెప్పిన దానికి కొంచెం చరిత్ర కలుపుతా. ఈ రకం సినిమా పుట్టిందే లెక్కల పుస్తకంలోంచి, దాన్ని తిట్టినా పొగిడినా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

స్టార్‌కి ఇవ్వడానికి డబ్బు లేదు. అప్పుడు స్టార్ లేకుండా జనాన్ని రప్పించేవి రెండే: భయం, ఒళ్లు. రెండూ ఒకే పోస్టర్ మీద పెడితే ఒక టికెట్టుకి రెండు బేరాలు. దయ్యానికి పారితోషికం ఇవ్వక్కర్లేదు, బంగళా అద్దెకి దొరుకుతుంది, పొగకి పెద్ద ఖర్చు లేదు. పైగా దయ్యం ఉంటే ఇంకో సౌకర్యం, సెన్సార్ దగ్గర "ఆమె చేసింది పాపం కాదండీ, ఆమె మనిషే కాదు" అనొచ్చు.

బ్రిటన్‌లో హ్యామర్ అనే హారర్ సినిమా కంపెనీ వాళ్ల కథ చూడండి. డ్రాక్యులాలు తీసి తీసి 60ల చివరికి జనానికి మొహం మొత్తింది. 1970లో అక్కడి సెన్సార్ బోర్డు ఎక్స్ సర్టిఫికెట్ (పెద్దలకి మాత్రమే) వయసుని 16 నుంచి 18కి పెంచింది. అంటే 18 దాటినవాళ్లకి ఇంకాస్త చూపించడానికి తలుపు తీసినట్టే. అదే ఏడాది హ్యామర్ వాళ్లు అమెరికన్ కంపెనీ ఒకదానితో కలిసి "ది వ్యాంపైర్ లవర్స్" తీశారు. కథ కొత్తది కాదు, షెరిడాన్ లెఫాన్యు "కార్మిల్లా" అని 1872లోనే రాశాడు, ఒక అమ్మాయి ఇంకో అమ్మాయి మీద మోజుపడి రక్తం తాగే కథ. డ్రాక్యులా నవల కంటే పాతిక ఏళ్లు ముందు. ఆ కార్మిల్లా కుటుంబం ఒక్కదాని మీదే 1971 కల్లా మొత్తం మూడు సినిమాలు తీసేశారు. మొదటిదానిలో ఇంగ్రిడ్ పిట్ ఉండటం వల్ల బరువు వచ్చింది, ఆమె కళ్లలో ఆకలితో పాటు ఒంటరితనం కూడా కనిపిస్తుంది. రెండోదానికి ఆమె లేదు, ఆ ఒంటరితనమూ లేదు, మిగిలింది బోర్డింగ్ స్కూలు, నైట్ గౌన్లు. ఖర్చు తగ్గినందుకు పోలేదు అది, ఆ రక్తం తాగే పిల్ల ఏమనుకుంటోందో పట్టించుకోకపోవడం వల్ల పోయింది.

ఫ్రాన్సులో ఝాన్ రోలాన్ అని ఒకాయన ఉండేవాడు. మొదటి సినిమా 1968 మే నెలలో, పారిస్‌లో సమ్మెలూ గొడవలూ జరుగుతుండగా విడుదలైంది. కథ ఎవరికీ అర్థం కాక జనం హాల్లో గోల గోల చేశారట. ఆయన సినిమాల్లో నటన అంతంత మాత్రం, సంభాషణలు నిద్రలో మాట్లాడినట్టు ఉంటాయి. కానీ ఫ్రాన్సులోనే ద్యేప్ అనే ఊరి దగ్గర ఒక సముద్రతీరం ఉంది, గులకరాళ్లు, కర్ర గుంజలు వరసగా నీళ్లలోకి దిగుతుంటాయి. ఆ ఒక్క చోటికే సినిమా తర్వాత సినిమా తిరిగి తిరిగి వెళ్లాడు. ఆ గాలిలో ఒకామె నిలబడితే చాలు, ఆమె చచ్చి ఎన్నేళ్లయిందో మనకి తెలిసిపోతుంది. పొట్ట గడవడానికి మారుపేర్లతో నీలిచిత్రాలు కూడా తీశాడాయన. ఆ ఇబ్బందులున్నా ఆ తీరాన్ని వదల్లేదు.

స్పెయిన్ వాడు జెస్ ఫ్రాంకో ఇంకోరకం. వందకి పైగానే తీశాడు, ఒక్కోసారి ఒకటి పూర్తికాకుండానే ఇంకోటి మొదలు. 70ల మొదట్లో తీసిన ఒక రక్తపిశాచి సినిమా ఏకంగా మూడు రకాలుగా బయటికొచ్చింది: హారర్‌గా ఒకటి, శృంగారంగా ఒకటి, పచ్చిగా ఒకటి. ఏ మార్కెట్టుకి ఏది కావాలంటే అది. కత్తెర గారు చెప్పిన "సరుకు తక్కువైంది" కొత్త జబ్బు కాదన్నమాట.

మన దగ్గర హిందీలో దయ్యం సినిమాలు తీసిన రామ్సే సోదరుల్ని తీసుకోండి. 1970లో వాళ్ల నాన్న తీసిన సినిమా ఒకటి పోయింది, కానీ పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్కు పెట్టుకుని దొంగతనానికి వచ్చే సీన్ ఒక్కటి జనానికి నచ్చిందని హాల్లో గమనించారు. అంతే, అటు వెళ్లిపోయారు. 1972లో మొదటి దయ్యం సినిమా, ఒకరు కెమెరా, ఒకరు సౌండు, ఇద్దరు డైరెక్షను, ఇంటిల్లిపాదీ ఒక గెస్ట్‌హౌస్‌కి వెళ్లి తీసుకొచ్చేశారు. 1988లో వచ్చిన "వీరానా" గుర్తుందా? అందులో ఆ అమ్మాయి ఊరికే మనవైపు చూస్తే చాలు, భయమూ ఆకర్షణా రెండూ ఒకేసారి. దాని చుట్టూ ఉన్న కామెడీ ట్రాక్ మాత్రం ఇప్పుడు చూస్తే పారిపోవాలనిపిస్తుంది.


విసుగురాయుడు:

ఎందుకండీ ఇంత బిల్డప్? ఒళ్లు చూపించి డబ్బు చేసుకోవడానికి తీశారు, ఒళ్లు చూడ్డానికి జనం వెళ్లారు. దయ్యం అనేది సాకు. ఆ కాలంలో వేరే దారి లేక వాటికి వెళ్లారు, ఇప్పుడు ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నప్పుడు కూడా వీటిని పట్టుకుని సముద్రతీరం, ఒంటరితనం అంటున్నారు చూడండి, దాన్ని నేను నమ్మను. నేనూ పదో పన్నెండో చూశా. కారు వెళ్తూ ఉంటుంది పది నిమిషాలు. అడవిలో నడుస్తూ ఉంటారు పది నిమిషాలు. పట్టపగలు తీసి నీలం రంగు పూసి రాత్రి అంటారు, చెట్టు కింద నీడ నల్లగా కోసినట్టు పడుతుంటుంది, వెనకాల ఆకాశం తెల్లగా మెరుస్తుంటుంది. డబ్బింగ్ చెప్పేవాడికి పెదాలతో సంబంధం లేదు. కొవ్వొత్తులు ఒక షాట్‌లో నాలుగు, ఇంకో షాట్‌లో ఆరు. దీన్ని ఆర్ట్ అంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.


కత్తెర:

@విసుగురాయుడు, సాకు అన్నమాట నిజమే అన్నా, కాదనను. కానీ మీరే ఒక సంగతి ఒప్పుకున్నారు, ఇప్పుడు ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయని. మరి ఒళ్లే కావాలంటే రాత్రిషో అద్దం ముందు దువ్వెన గురించి ఎందుకు అడుగుతాడు? సాకుగా పెట్టిందే ఇప్పటికీ మిగిలింది.

సాకు పెట్టి మంచివి తీసినవాళ్లూ ఉన్నారు. జపాన్‌లో నిక్కట్సు స్టూడియో 1971లో రోమన్ పోర్నో అని శృంగార సినిమాల వరస ఒకటి మొదలుపెట్టింది, 1988 దాకా నడిచింది. లెక్క ఏంటంటే సినిమా డెబ్భై నిమిషాల చుట్టుపక్కల ఉండాలి, దాదాపు పది నిమిషాలకోసారి పడకసీన్ పడాలి, మిగతాది నీ ఇష్టం. ఆ "మిగతాది నీ ఇష్టం" పట్టుకుని అక్కడ నిజమైన డైరెక్టర్లు తయారయ్యారు. కోటా ఉండటం తప్పు కాదు. ఆ కోటా సీన్‌లో కూడా కథ ముందుకి నడవాలి, అదీ పాయింటు. సీన్ ముందు ఆ ఇద్దరి మధ్య ఒకటి ఉండాలి, సీన్ అయ్యాక ఇంకోటి అయిపోవాలి. ఎవరో ఒకరు ఏదో ఒకటి తెలుసుకోవాలి, లేదా పోగొట్టుకోవాలి. పక్కన ఉన్నామె ఒళ్లు ఎంతకీ వెచ్చబడట్లేదని వాడికి తెలిస్తే చాలు, ఒక్క డైలాగ్ అక్కర్లేదు. దాన్ని వదిలేసి సాక్సోఫోన్ వేస్తారు. ఆ సాక్సోఫోన్ మొదలైందంటే కథ బయటికెళ్లి సిగరెట్ తాగి వస్తుందని అర్థం.

నీలం రాత్రి గురించి మీరన్నది వంద శాతం కరెక్టు. రాత్రి తీయాలంటే లైట్లు కావాలి, జెనరేటర్ కావాలి, యూనిట్‌కి రాత్రి బత్తా ఇవ్వాలి. అందుకని మిట్టమధ్యాహ్నం తీసేస్తారు. కనీసం ఆకాశం ఫ్రేములో పడకుండా చూసుకోవచ్చు, దానికి డబ్బు అక్కర్లేదు, బుద్ధి ఉంటే చాలు. నాకు కోపం అక్కడే. డబ్బు లేక చెడిపోయింది తక్కువ, ఎవడు చూస్తాడులే అనుకోవడం వల్ల చెడిపోయింది ఎక్కువ.


నల్లపిల్లి:

ఇంతసేపూ మాట్లాడినవాళ్లందరూ మగవాళ్లే అనుకుంటా, తప్పయితే క్షమించండి. నేను ఆడదాన్ని, నేనూ ఇవి చూస్తాను, మా ఫ్రెండ్స్‌కి ఎవరికీ తెలీదు.

నాకు వీటిలో నచ్చేది దయ్యమే. అవును, ఆ దయ్యమే. ఎందుకంటే ఆ సినిమాలో తనకేం కావాలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. హీరోయిన్‌కి తెలీదు, ఆమెకి భయపడటం, స్పృహ తప్పడం, హీరో పేరు పెట్టి పిలవడం తప్ప పనిలేదు. దయ్యం అలా కాదు, చూస్తుంది, ఎంచుకుంటుంది, దగ్గరికి వస్తుంది. మామూలు కుటుంబ కథలో ఒక ఆడమనిషి అలా ఒక్క చూపు చూస్తే ఇంటర్వెల్‌లోపే ఆమెని విలన్ చేసేస్తారు. ఇక్కడ చచ్చిపోయింది కాబట్టి చూసే హక్కు వచ్చింది. మోహిని కథల దగ్గర్నుంచి కార్మిల్లా దాకా ఇదే లెక్క. కోరిక ఉన్న ఆడదాన్ని బతికుండగా చూపించలేక చంపి చూపించారు.

లోపం కూడా సరిగ్గా అక్కడే ఉంది. డెబ్భై నిమిషాలు ఆమెని చూసి చొంగ కారుస్తారు, చివరి పది నిమిషాల్లో ఒక ముసలాయన పుస్తకం పట్టుకుని వచ్చి గుండెలో మేకు దిగేస్తాడు, లేదా తగలబెడతారు, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆమె వల్ల వచ్చిన సుఖమంతా తీసుకుని శిక్ష మాత్రం ఆమెకి వేస్తారు. హీరోకి ఏమీ కాదు! తప్పుచేసినవాడు వాడు కూడా కదా, బంగళాలో భార్యని నిద్రపుచ్చి మేడ మీదకి వెళ్లింది ఎవడు? ఈ ముగింపు నూటికి తొంభై సినిమాల్లో ఉంటుంది, అది వచ్చినప్పుడల్లా నాకు మోసపోయినట్టు అనిపిస్తుంది.

అందుకే హ్యారీ కుమెల్ 1971లో తీసిన "డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్" అంటే నాకు ప్రాణం. (ముగింపు చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) ఆఫ్ సీజన్‌లో ఖాళీగా ఉన్న సముద్రపు ఒడ్డు హోటల్, కొత్తగా పెళ్లయిన జంట, అక్కడికి ఒక కౌంటెస్ వస్తుంది. డెల్ఫిన్ సేరిగ్ ఆ వేషం వేసింది, ఒక్కసారి కూడా గొంతు పెంచదు, నవ్వుతూ మాట్లాడుతుంది, మనం కుర్చీలో వెనక్కి జరుగుతాం. అందులో మెల్లగా తెలిసే విషయం ఏంటంటే ఆ మొగుడు అసలు రాక్షసుడు, బెల్టు తీసి భార్యని కొట్టేవాడు. కౌంటెస్ దయ్యమే, కానీ ఆ అమ్మాయికి కౌంటెస్ పక్కన ఉన్నప్పుడే ఊపిరి ఆడుతుంది. చివరికి కౌంటెస్ పోతుంది, కానీ ఆఖరి సీన్‌లో ఆ అమ్మాయి ఇంకో జంటతో మాట్లాడుతుంటే వచ్చేది కౌంటెస్ గొంతు. ఎవరూ గెలవలేదు, ఎవరినీ శుద్ధి చేయలేదు. ఖాళీ హోటల్, నలుగురు మనుషులు, ఎర్ర రంగు, ఆ మాత్రం దానితో చేశాడు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఎవరూ దీని గురించి మాట్లాడరు. కత్తెర గారు "మొహం కనపడకుండా వేరే అమ్మాయిని పెట్టి తీసుకొచ్చారు" అని మామూలుగా చెప్పేశారు. ఆ హీరోయిన్‌కి తెలుసా? తన మొహం పక్కన వేరేవాళ్ల ఒళ్లు అతికించారని థియేటర్‌లోనో ఇంట్లోనో చూసుకునేదాకా తెలియని వాళ్లు ఎంతమంది ఉంటారు? జనానికి అది ఆమె ఒళ్లే. పెద్ద కంపెనీల్లో ఇప్పుడు ఇలాంటి సీన్లకి ఇంటిమసీ కోఆర్డినేటర్ అని ఒకరు ఉంటారు, ఎక్కడ చెయ్యి పడాలి, ఎవరు గదిలో ఉండాలి, ఎక్కడ ఆపాలి అన్నీ ముందే రాసుకుంటారు. హెచ్‌బీఓ 2018లో తన సిరీస్‌లన్నిటికీ దాన్ని నియమం చేసింది. చిన్న బడ్జెట్‌లో ఆ మనిషిని పెట్టరు, మొదట కోసేసే జీతం అదే. రబ్బరు చెయ్యి అతుకు కనిపిస్తే నవ్వుకుంటాం, పోతుంది. నటించే అమ్మాయి కళ్లలో నిజంగా ఇబ్బంది కనిపిస్తే మాత్రం నేను అక్కడే ఆపేస్తా. అది నటన కాదని తెలిసిపోతుంది.


కత్తెర:

@నల్లపిల్లి గారు, ఆమెకి తెలీదండి. నేనూ అడగలేదు, చెప్పలేదు. మామూలుగా చెప్పేశానన్నారు, నిజమే, అప్పుడు మామూలుగానే అనిపించింది. తర్వాత ఆమె ఎక్కడో ఈ సినిమా గురించి అడిగితే మాట మార్చేసిందని విన్నా. నా పేరు కూడా టైటిల్స్‌లో ఉంది.


విసుగురాయుడు:

నల్లపిల్లి గారి మాట ఒప్పుకుంటున్నా. నేను చూసిన పదీ పన్నెండింటిలో ఒక్క దయ్యానికి కూడా పేరు గుర్తులేదు, హీరోల పేర్లు అసలే గుర్తులేవు. ఆ హోటల్ సినిమా చూస్తా. బాగోకపోతే మళ్లీ వచ్చి తిడతా.


పాతక్యాసెట్:

తిట్టేముందు ఇంకోటి కూడా చూడండి. బట్ట తొలగకుండా, దయ్యం కనపడకుండా తీసిన సినిమా. 1942లో ఆర్‌కేఓ స్టూడియో వాల్ ల్యూటన్ అనే ప్రొడ్యూసర్‌కి మూడు షరతులు పెట్టింది: ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు, పేరు మేమే ఇస్తాం. వాళ్లిచ్చిన పేరు "క్యాట్ పీపుల్". ఆ పేరు వింటేనే పిల్లి చర్మం కప్పుకున్న మనిషి కనిపిస్తాడు కదా. ల్యూటన్, డైరెక్టర్ ఝాక్ టూర్నర్ కలిసి దాన్నుంచి ఏం చేశారంటే, మొగుడు తాకితే తాను చిరుతగా మారిపోతానని భయపడే ఒక కొత్త పెళ్లికూతురు కథ. మొత్తం సినిమా పడగ్గది తలుపుకి రెండువైపులా ఉంటుంది. ఆమె లోపల మోకాళ్ల మీద కూర్చుని తలుపు మీద చెయ్యి ఆనించి ఉంటుంది, వాడు బయట ఉంటాడు. హాలీవుడ్‌లో అప్పుడు సెన్సార్ కోడ్ ఎంత గట్టిగా ఉండేదంటే అంతకు మించి చూపించే వీలే లేదు. చూపించలేదు కాబట్టే ఇంత మిగిలింది అనిపిస్తుంది నాకు.

ఇంకో సీన్‌లో ఒకమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది, వెనకాల ఇంకొకరి చెప్పుల చప్పుడు, అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమె పరిగెడుతుంది. బుస్సుమని మీదకి దూకిన చప్పుడు... బస్సు వచ్చి ఆగింది, తలుపు గాలి శబ్దం. ఎనభై ఏళ్లుగా హారర్ తీసేవాళ్లందరూ ఆ బస్సునే వాడుకుంటున్నారు. ఈత కొలను సీన్ అయితే నీళ్ల మెరుపు గోడ మీద ఆడటం, ఒక నీడ, ఒక గుర్రుమనే చప్పుడు, అంతే. రబ్బరు చెయ్యి అక్కర్లేదు.


నల్లపిల్లి:

క్యాట్ పీపుల్ నాకూ ఇష్టం, కానీ పాతవాటితోనే ఆపేయకండి. ఆనా బిల్లర్ 2016లో తీసిన "ది లవ్ విచ్" చూడండి. కథ, డైరెక్షన్, ఎడిటింగ్ ఆమే. బట్టలు కూడా ఆమే కుట్టింది, తివాచీ కూడా తనే అల్లింది. 35 ఎంఎం ఫిల్ము మీద తీసింది. మగవాళ్లని వశం చేసుకునే మంత్రగత్తె కథ. పాత శృంగార హారర్‌లో ఉన్న రంగులూ, మేకప్పూ, కొవ్వొత్తులూ అన్నీ ఉంటాయి, కానీ చూపు ఆమెది. మధ్యలో కాస్త సాగుతుంది, ఒప్పుకుంటా. రెండు గంటలు అక్కర్లేదు దానికి.


రాత్రిషో:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ముందు నల్లపిల్లి గారికి ఒక మాట. మొదటి పోస్టులో నేను "కళ్లు అక్కడే ఉన్నాయి" అని జోకులాగా రాశా. మీది చదివాక ఆ సినిమా మళ్లీ పెట్టి స్నానం సీన్‌లో ఆ అమ్మాయి వైపు చూశా. మొహం ఒక్క షాట్‌లో కూడా లేదు. మొదటిసారి నేను గమనించనే లేదు. అది నచ్చలేదు నాకు, నా మీద నాకే.

రెండోది కత్తెర అన్నకి. నువ్వు చెప్పావు కదా అక్కడ అద్దమే లేదని, అందుకని దువ్వెన సీన్‌ని ఆపి ఆపి ఓ ఇరవైసార్లు చూశా. కెమెరా నిజంగానే కనపడట్లేదు. కానీ ఇంకోటి దొరికింది. ఈమె కుడిచేత్తో దువ్వుకుంటోంది, దువ్వెన తెరకి కుడివైపు ఉంది. నిజం అద్దమైతే అద్దంలో కూడా కుడివైపే కనపడాలి కదా, నేను లేచి వెళ్లి మా బాత్రూం అద్దంలో చూసుకుని మరీ వచ్చా. ఇందులో మాత్రం ఎడమవైపు ఉంది. అంటే ఎదురుగా కూర్చున్న అమ్మాయి కూడా కుడిచేత్తోనే పట్టుకుంది, ఎడమచేత్తో పట్టుకోవాల్సింది. మొదట్నుంచీ తప్పే. ఆమె దువ్వెన కింద పెట్టకముందు నుంచే నాకు ఏదో తేడాగా అనిపించింది, అదేంటో ఇప్పుడు అర్థమైంది.


కత్తెర:

హహ, పట్టేశావ్. ఒక పూట రిహార్సల్ అన్నాను కదా, అది కూడా చేసినట్టు లేరు. తప్పు చేశారో కావాలనే చేశారో ఆ డైరెక్టర్‌నే అడగాలి. నేనే అక్కడ ఉండుంటే ఆ షాట్ చూసి తప్పుందని పక్కన పడేసేవాణ్ణి.